వాసెన కట్టిన సీసా

మా మరిది బిరడా వాసన చూసే తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. సీసా మూతిలోంచి బిరడా లాగి, తడిసిన వైపు ముక్కు కిందికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని పీల్చేవాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత గ్లాసులో రెండు గుక్కల వైన్ పోసుకుని వ్యాను కిటికీ వెలుగులో పెట్టి చూసేవాడు. ఆ తర్వాత నోట్లో పోసుకునేవాడు కానీ మింగేవాడు కాదు. అటు బుగ్గకూ ఇటు బుగ్గకూ తిప్పి, గుడగుడలాడించి, పళ్లు తోముకున్నవాడిలా పుక్కిలించేవాడు. ఉమ్మేస్తాడు కాబోలని చూస్తే మింగేవాడు. మింగుతాడనుకున్న రోజున స్టీలు గ్లాసులో ఉమ్మేవాడు. మేం మంచినీళ్లు తాగే గ్లాసు అది. దాని అడుగున మేకుతో గీత గీసి వేరు పెట్టాను. పారేద్దామంటే మనసొప్పలేదు, గట్టి గ్లాసు.

పోయిన నెల అతను పోయాడు. పన్నెండో రోజు వెళ్లి వచ్చాక ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. సరుకుల చీటీ తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ ఇది రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

అతను నా చెల్లెలి భర్త. పడుచుతనమంతా పరదేశపు ఓడల్లో బల్ల దగ్గర వడ్డించే పని చేశాడు. ఆ పనిలోనే ఈ వైను రోగం అంటుకుంది. మా ఆయన పోర్టులో కలాసీ. ఇంటికి ఒంటి నిండా బొగ్గుతో వచ్చేవారు గానీ ఇలాంటి వాసనతో ఎన్నడూ రాలేదు. మరిది రిటైరై మల్కాపురంలో స్థిరపడ్డాక ఏ స్కూలువాళ్లో వదిలించుకున్న పసుపు వ్యాను ఒకటి కొన్నాడు. సీట్లు పీకించి మంచం వేయించాడు, గ్యాసు పొయ్యి పెట్టించాడు, కిటికీలకు తెరలు కట్టించాడు. మోకాళ్ల పైకి లాగు తొడుక్కుని, అరవై దాటిన మనిషి, ఆ వ్యానేసుకుని ఊళ్లు తిరిగేవాడు. మా చెల్లిని వెంటేసుకునేవాడు. మంచం కింద చెక్కపెట్టెలో సీసాలు పడుకునేవి.

పడుకునేవి అని నేను అనడం లేదు, అది అతని మాట. "నిలబెడితే బిరడా ఎండిపోద్ది ఒదినా. పడుకోబెట్టాల." ఎక్కడికైనా వెళ్లి దిగిన రోజు సీసా తెరిచేవాడు కాదు. "పయాణం సేసొచ్చింది. అలిసిపోయుంటాది. రేపటి దాకా ముట్టుకోకూడదు."

ఒకసారి నాకు ఒళ్లు మండి అడిగేశాను. "మా సెల్లి కూడా అదే బండిలో వొచ్చింది కదయ్యా. దానికి అలుపుండదేటి?"

అతను నా వైపు చూసి నవ్వాడు. "అదీ నిజిమే." లేచి వెళ్లి మా చెల్లి చేతిలోంచి కత్తిపీట లాక్కుని ఉల్లిపాయలు తరిగాడు. అలా నవ్వి పని అందుకునే మనిషిని ఎంతసేపని తిడతాం. ఆ మీదట తిట్టడానికి వీల్లేకుండా చేశాడని నాకు ఇంకా ఒళ్లు మండింది.

స్టీరింగు పట్టుకునే రోజున మాత్రం బిరడా ముట్టుకునేవాడు కాదు. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. ఇంకొకటి కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

ఆ పెట్టెలో సీసాలు సర్దే పద్ధతి అతనికి నేర్పిందెవరో తెలుసా? నేనే. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి. ఏటా ఎండాకాలం మా పుట్టింటి వైపు పద్మనాభంలో ఆవకాయ పెట్టించి చెల్లెలికి జాడీ పట్టుకెళ్లేదాన్ని. రెండు బస్సులు మారి వెళ్లినా జాడీకి చిన్న పగులు వచ్చేది కాదు, బొట్టు నూనె కారేది కాదు. రైసుమిల్లు ఊక ఎండబెట్టి, గంప అడుగున జానెడు మందం పోసి, జాడీ పెట్టి, చుట్టూ ఊక కూరి, మూతికి పాతచీర గుడ్డతో వాసెన కట్టేదాన్ని. ఒక ఏడు అతను ఆ గంప ముందు గొంతుక్కూర్చుని ఊకలో వేలు పెట్టి చూశాడు.

"ఇదెలా సేసేవొదినా? ఓడల్లో మాకు గడ్డీ, తెర్మాకోలూ ఇచ్చేవోరు. ఇంత బాగా నేదు."

నా పనిని మెచ్చుకున్నవాళ్లు నా బతుకులో తక్కువ. పొంగిపోయాను. ఊక ఎందుకు ఎండాలో, ఎంత కూరాలో, వాసెన ముడి ఎటు లాగితే బిగుస్తుందో అంతా చెప్పాను. దుమ్ము తుడుచుకోవడానికి ఉంటుందని నా పాత నేతచీర కూడా ఒకటి ఇచ్చాను. మరుసటి నెల వెళ్లి చూద్దును కదా, చెక్కపెట్టెలో మా పద్మనాభం ఊక. ఊకలో పక్కకి ఒరిగి రెండు సీసాలు. వాటి మూతులకు నా చీర. నా నీలం అంచు. కట్టుకుని గుడికి వెళ్లిన చీర. రెండు రోజులు ఆ ఇంట్లో కాఫీ తాగలేదు.

ఇక అసలు సంగతి.

ఐదేళ్ల కిందట వైశాఖంలో చెల్లి పిలిచింది. "అప్పా, అరసవిల్లి, శ్రీకూర్మం, ముఖలింగం సూసొద్దాం. రూం అద్దె నేదు, ఓటలు తిండి నేదు. బండిలోనే వొండుకుందాం." అద్దె లేదన్న మాట దగ్గరే నేను పడిపోయాను. సీసాలు కూడా వస్తాయని అడగాలని తోచలేదు.

చెల్లికి చక్కెర జబ్బు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ పడాలి. ఆ మందు చల్లగా ఉండాలి కానీ ఐసు తగలకూడదట. మరిది ఆ సూదిమందును గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, నీలం ఐసుపెట్టెలో ఒక మూలకు ఇరికించాడు. నాకు అప్పగింతలు పెట్టాడు. "నాను బండి తోల్తాను. ఐసు సూసుకునే పని నీదొదినా. నీల్లు వొంపేసి కొత్త ఐసెయ్యాల. డబ్బా మాత్రం కదపొద్దు." వైన్ సీసా ఒకటి ఊకపెట్టెలో ఉంది. తెల్లవైనంటూ ఇంకొకటి తెచ్చాడని, అది ఐసుపెట్టెలో మెంతికూర కట్ట కింద పడుకుని ఉందని నాకు అప్పటికి తెలియదు.

దారిలో పోలీసులు వ్యాను ఆపారు. కానిస్టేబులు ఒకతను వెనక తలుపు తీసి చెక్కపెట్టె మూత ఎత్తాడు. ఊక కనిపించింది, వాసెన కట్టిన మూతి కనిపించింది.

"ఊరగాయలేటండి?" అన్నాడు.

తల ఊపితే చాలు. పక్కన నాలాంటి ముసలిది నుదుటిన ఇంత బొట్టుతో కూర్చుని ఉంది. ఎవరైనా నమ్ముతారు. మరిది తల ఊపలేదు.

"కాదండి. వైను. ఇదొకటి, ఐసుపెట్టిలో ఇంకోటి. బిల్లులున్నాయి."

కానిస్టేబులు మమ్మల్ని చూశాడు, స్టీరింగు దగ్గర పెట్టిన సూర్యనారాయణమూర్తి పటాన్ని చూశాడు. "గుడికెల్తన్నారా? వైన్ తోటా?"

"అది గుల్లోకి రాదండి. బండిలో పడుకుంటాది."

వాళ్లు పడీపడీ నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. బండి కదిలాక అన్నాను, "ఊరగాయని ఊరుకుంటే నీ సొమ్మేటి పోయిందయ్యా?"

"అబద్ధమాడి తెచ్చుకున్నది తాగితే రుసుండదొదినా," అన్నాడు. తాగేవాడికి మళ్లీ సత్యం ఒకటి అనుకున్నాను. ఇందాక ఇంకొకటి ఉందన్నానే, ఇదే. ఆ సీసాల సంగతి అతను ఎవరి దగ్గరా, ఏనాడూ దాచలేదు. మా ముందు, తన కొడుకు ముందు, పోలీసుల ముందు ఒకటే మాట.

ఆ రాత్రికి అరసవిల్లి చేరాం. పొద్దున్నే కుళాయి కింద స్నానం చేసి, తడిజుట్టుతో పాలపాకెట్ కోసం ఐసుపెట్టె తీశాను. మెంతికూర పక్కకు జరిపాను. సీసా కనిపించింది. దాని మీది కాగితం నాని, ఊడి, చెల్లి సూదిమందు డబ్బాకు అంటుకుని ఉంది. డబ్బా ఆ సీసా మీదికి ఒరిగి, దాని ఒంటి నీళ్లు కారి తడిసి ఉంది. నాకు కంపరమెత్తింది. స్వామి దర్శనం చేసుకుని వచ్చి, దీన్ని ముట్టుకున్న మందును ఒంట్లోకి ఎక్కించుకోవాలా నా చెల్లెలు? ఆదివారం పూట? డబ్బా బయటకు తీశాను. నీళ్లతో కడిగాను. పొడిగుడ్డతో తుడిచాను. ఆ వ్యానులో శుభ్రమైన చోటు ఏదని చూస్తే స్వామి పటం ఒక్కటే కనిపించింది. స్టీరింగు పక్కన, ముందద్దం కింద, పటం పాదాల దగ్గర పెట్టి, పైన పసుపుగుడ్డ కప్పి దండం పెట్టుకున్నాను.

కదపొద్దు అన్నాడు. ఆ మాట గుర్తుంది నాకు. సీసా కదలకూడదని చెప్పాడనుకున్నాను.

ఆ రోజంతా, మర్నాడు కూడా, బండి తలుపులు బిగించి గుళ్ల ముందు ఎండలో వదిలేశాం. వైశాఖపు ఎండ. వచ్చి తలుపు తీస్తే లోపలి గాలి మొహానికి కొట్టేది. వేళకు నేనే డబ్బా తీసి, మందు మాత్రం చెల్లికి అందించాను; ఎక్కడి నుంచి తీశానో అది చూడలేదు. డబ్బా వేడిగా తగిలింది. స్వామి సన్నిధిలో ఉంది కదా అనుకున్నాను.

సోమవారం ముఖలింగంలో చెల్లి చెంబుల కొద్దీ నీళ్లు తాగింది. ఎండ దెబ్బ అనుకున్నాం. మధ్యాహ్నం రెండుసార్లు కక్కింది. మంచం మీద పడుకుని, పిలిస్తే కళ్లు సగం తెరుస్తోంది. నేను విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. అప్పుడు మరిది వ్యానెక్కి, మోకాళ్ల మీద కూర్చుని, చెల్లి గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి, ముక్కు దగ్గరగా పెట్టి పీల్చాడు. కళ్లు మూసుకుని, అచ్చం బిరడాను పీల్చినట్టే. మూడుసార్లు.

"ఛీ! ఏటా పని? మనిసికి పానం పోతంటే నీ ముక్కేటయ్యా?" అని అరిచాను.

అతను కళ్లు తెరిచాడు. ఆ మొహం నేను అంతకు ముందు చూడలేదు. "పండు మురిగిన వాసనొస్తంది ఒదినా దీని నోట్లో. ఇది ఎండ కాదు, సక్కెర జబ్బే. తలుపెయ్."

శ్రీకాకుళం దాకా హారను మీద చెయ్యి తీయలేదు. వెనక ఊకపెట్టెలో సీసా ఎగిరెగిరి పడుతోంది. మరిది ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ వచ్చేదాకా ఆగకుండా చెల్లిని రెండు చేతుల మీదా ఎత్తుకుని లోపలికి పరిగెత్తాడు.

రెండు గంటల తర్వాత లేడీ డాక్టరు బయటికి వచ్చి, కాస్త ఆలస్యమైతే దక్కేది కాదంది. వాడుతున్న ఇన్సులిన్ తెమ్మంది. మరిది వ్యాను దగ్గరకు వెళ్లాడు. అద్దాల తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఐసుపెట్టె మూత తీశాడు. వెతికాడు. మెంతికూర బయట పడేశాడు. తర్వాత ముందుకు వెళ్లి నిలబడిపోయాడు. పసుపుగుడ్డ ఎత్తి డబ్బా తీసుకుని వచ్చాడు. నా పక్క నుంచి వెళ్తూ నన్నొకసారి చూశాడు. అంతే.

డాక్టరు డబ్బా పట్టుకోగానే మండిపడింది. "ఇంత వేడిగా ఉందేంటండీ? ఇది ఉడికిపోయింది. ఈ రెండు రోజులూ ఆవిడకు నీళ్లు ఎక్కించినట్టే. ఎవరు బయట పెట్టారు దీన్ని?"

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటాను.

"నానేనండి," అన్నాడు మరిది. "ఐసుపెట్టిలో వైన్ సీసాకి జాగా సాల్లేదు. అందుకే తీసేసేను."

ఆమె అతన్ని ఎన్ని మాటలంది! సీసాకు చల్లదనం కావాలి, భార్యకు అక్కర్లేదా అంది. సిగ్గుండాలంది. అటుపోయే వాళ్లంతా ఆగి చూశారు. లాగు తొడుక్కున్న మనిషి, చెమటకు తడిసిన బనీనుతో, తల దించుకుని నిలబడ్డాడు. నేను మూడడుగుల దూరంలో బల్ల మీద కూర్చుని ఉన్నాను. నా నోట్లో నాలుక ఉంది. అది కదల్లేదు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రానికి చెల్లెలి కొడుకు విశాఖపట్నం నుంచి పరిగెత్తుకొచ్చి తండ్రి మీద చెయ్యెత్తబోయాడు. అప్పుడు నేనన్నాను, అందరూ వింటుండగా: "ఛీ, ఏం మనిసివయ్యా నువ్వు." నా నోటితోనే అన్నాను. వాడి కళ్ల ముందు నేను మంచిదాన్ని కావాలి. ఆ మాట తర్వాత కొడుకు ఏడాది పాటు తండ్రితో మాట్లాడలేదు. మాట్లాడాక కూడా మునుపటిలా లేడు. బంధువులందరికీ అతను పెళ్లాం మందును ఎండలో పారేసి సీసాను చల్లగా పెట్టుకున్న మనిషి అయిపోయాడు.

ఆ సంగతి అతను నాతో ఎత్తింది ఒక్కసారే. నెల తర్వాత వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. "ఎండలో రేకు బండి ఎంత కాల్తాదో నీకెవులు సెప్పేరొదినా. నాను సెప్పాల్సింది," అన్నాడు. లోపలికి వెళ్లి చిన్న ఎర్ర ఐసుపెట్టె ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇది దాని మందుకే. ఇందులో సీసా ఎట్టను. ఒట్టు." అతను నన్ను తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టేదాన్ని. ఆ ఎర్రపెట్టెను చూసినప్పుడల్లా నాకు పుట్టిన రోత సీసాల మీద పుట్టిన రోత కంటే ఎక్కువ. అది ఎవరి మీదో నాకు తెలుసు.

అయినా చెప్పలేదు. ఐదేళ్లు.

పన్నెండో రోజు పంక్తిలో కూర్చున్నాం. చెల్లి గోడకు ఆనుకుని ఒక మూల ఉంది. కొడుకు పక్కనున్న వాళ్లతో అంటున్నాడు, "మా నాన్నకి మా అమ్మకన్నా సీసా ఎక్కువండి. అమ్మ సూదిమందు తీసేసి..."

నా చేతిలో ముద్ద ఉంది. దాన్ని విస్తట్లో పెట్టేశాను. "ఆ డబ్బా తీసింది మీ నాన్న కాదురా. నాను."

"ఏటన్నావు పెద్దమ్మా?"

"నాను తీసేను. సీసా తగిలిందని కడిగి, దేవుడి కాడ ఎట్టేను. మీ నాన్న నా తప్పు తన మీదేసుకున్నాడు. నాను ఊరుకున్నాను."

వడ్డిస్తున్న వాళ్లు ఆగిపోయారు. కొడుకు సగం తిన్న విస్తరి వదిలేసి లేచి, వీధిలో నిలిపిన పసుపు వ్యానెక్కి, తండ్రి సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. భోజనాలు అయి అందరూ వెళ్లిపోయేదాకా దిగలేదు.

అందరూ వెళ్లాక చెల్లి అంది. "ఆయన పోయేదాకా తిట్టేను అప్పా నాను. ఆ తిట్లన్నీ ఇప్పుడెక్కడెట్టుకోమంటావు?"

నేను కొడుకు వదిలేసిన విస్తరి మడిచి ఎత్తాను.

చెల్లి కళ్లు తుడుచుకుని అంది. "మంచం కింద ఒక సీసా ఉంది. వన్ టౌన్లో ఆయనతో ఓడలో పనిసేసిన ముసిలాయనకి ఇమ్మన్నాడు. నువ్వే అట్టుకెల్లు." బతిమాలడం కాదు, ఆజ్ఞ. చిన్నప్పటి నుంచి అది నాకు ఆజ్ఞ ఇవ్వడం అదే మొదలు.

జన్మలో ముట్టుకోనిదాన్ని ముట్టుకున్నాను. సీసా చల్లగా, జిడ్డుగా, పామును పట్టుకున్నట్టుంది. మూతికి నా నీలం అంచు గుడ్డ వదులైపోయి ఉంది. విప్పి మళ్లీ కట్టాను, ముడి కుడివైపుకు లాగి. గంపలో ఊక పోశాను. సీసాను పక్కకు ఒరిగించి పడుకోబెట్టాను. చుట్టూ ఊక కూరాను. బిరడా దగ్గర ఆ పులిసిన వాసన ముక్కుకు తగిలింది. మొహం పక్కకు తిప్పుకుని ఇంకో గుప్పెడు ఊక కూరాను.

ఆటో ఎక్కి గంప ఒళ్లో పెట్టుకున్నాను. పోర్టు రోడ్డు దాటి వన్ టౌన్ సందుల్లోకి తిరిగాం. గతుకు వచ్చినప్పుడల్లా నా చేతులు వాటంతటవే గంప చుట్టూ బిగుసుకుంటున్నాయి. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడు.

"ఏటి మామ్మా, అంత బద్రంగా అట్టుకున్నావు? ఊరగాయా?"

వాసెన గుడ్డ గంపలోంచి పైకి కనిపిస్తూనే ఉంది. తల ఊపితే చాలు.

"కాదు నాయనా. వైను."

బండి ఆపినంత పని చేసి వెనక్కి తిరిగాడు. నా బొట్టు చూశాడు, నెరిసిన జుట్టు చూశాడు. నోరంతా పాడైనట్టుగా ఉంది నాకు. పుక్కిలిద్దామంటే పక్కన నీళ్లు కూడా లేవు.

"నా మొకమేటి సూత్తన్నావు? రోడ్డు సూడు," అన్నాను. "గతుకుల్లో మెల్లగా పోనీ. దానికి కుదుపు పడదు."